పొలం పని మీద జపాన్ వెళ్లాలంటే ఎలా? వీసా, పరీక్షలు, ఖర్చులు, జాగ్రత్తలు

"కెనడా ఆపిల్ తోటల్లో పని. నెలకు రెండు లక్షలు. చదువు అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు, వీసా గ్యారంటీ." కామారెడ్డి నుంచి రాయచోటి దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పోస్టర్లు దాదాపు ఇలాగే ఉంటాయి. విదేశాల్లో పొలం పనికి మనుషులు కావాలన్నది నిజమే. స్పాన్సర్ చేసే వీసాలూ ఉన్నాయి. కానీ వాటిలో చాలావాటికి మనం అర్హులం కాం. ఆ సంగతి పోస్టరులో ఉండదు.

కెనడాలో సీజనల్ వ్యవసాయ కూలీల పథకం మెక్సికో, కరీబియన్ దేశాలవాళ్లకే. ఆస్ట్రేలియాలో పొలం పనికి పిలిచే పామ్ పథకం పసిఫిక్ దీవులకు, తూర్పు తైమూరుకు పరిమితం. బ్రిటన్ సీజనల్ వర్కర్ వీసాకు ఏ దేశంవాళ్లయినా వెళ్లొచ్చు గానీ, స్పాన్సర్ చేసేది రైతు కాదు, ప్రభుత్వం ఆమోదించిన కొద్దిమంది ఆపరేటర్లే. పైగా ఆరు నెలలు దాటి ఉండనివ్వరు, కుటుంబాన్ని తీసుకెళ్లనివ్వరు. కెనడాలో ఎల్ఎంఐఏ (విదేశీ కూలీని పెట్టుకోవడానికి యజమానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి)తో రైతే నేరుగా పిలిపించుకునే దారి భారతీయులకు తెరిచే ఉంది. అయితే అందులో నియామకం ఖర్చు కూలీ దగ్గర వసూలు చేయకూడదు, రానుపోను విమానం ఖర్చు యజమానే పెట్టుకోవాలి. కాబట్టి "ఎల్ఎంఐఏ ఉంది, పదిహేను లక్షలు కట్టండి" అన్నాడంటే వాడు అమ్ముతున్నది ఉద్యోగం కాదు.

ఇవన్నీ పక్కన పెడితే, డబ్బు దండిగా లేకపోయినా కష్టపడి చదివే ఓపిక ఉన్నవాళ్లకు జపాన్ దారి మేలు అని నా అభిప్రాయం. 2019 ఏప్రిల్‌లో ఆ దేశం స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ అనే వీసా మొదలుపెట్టింది. జపాన్‌లో దీన్ని తొకుతే గినో అంటారు. 2021 జనవరిలో మన ప్రభుత్వం దీని మీద జపాన్‌తో ఒప్పందం చేసుకుంది. వీసా ఇచ్చే రంగాల్లో వ్యవసాయం ఒకటి. ఈ వీసాలో రెండు స్థాయిలున్నాయి. మొదటి స్థాయిలో మొత్తం ఐదేళ్ల దాకా ఉండి పని చేసుకోవచ్చు. 18 ఏళ్లు నిండాలి. డిగ్రీ అడగరు. అడిగేవి రెండే: జపనీస్ భాష పరీక్ష, వ్యవసాయ నైపుణ్య పరీక్ష.

మొదటి అడుగు: పాస్‌పోర్టు

పాస్‌పోర్టు లేకుండా ఏదీ ముందుకు సాగదు కాబట్టి ముందు దాని పని చూడండి. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు మూడింటిలోనూ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. మనవాళ్లకు ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. ఇప్పుడే సరిచేయించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

రెండో అడుగు: భాష

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. రెండు పరీక్షల్లో ఏదో ఒకటి పాసైతే చాలు. మొదటిది జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4, అంటే కింది నుంచి రెండో స్థాయి. మన దేశంలో జులై, డిసెంబరు నెలల్లో జరుగుతుంది. 180 మార్కులకు 90 రావాలి, విభాగాలవారీగా కూడా కనీస మార్కులు ఉంటాయి. రెండోది జేఎఫ్‌టీ బేసిక్. కంప్యూటర్ మీద రాసే గంట పరీక్ష, 250కి 200 రావాలి. ఫలితం అదే రోజు స్క్రీన్ మీద కనిపిస్తుంది. డిసెంబరులో తప్పితే జులై దాకా ఆగలేనివాళ్లు ఎక్కువగా దీనికే వెళ్తారు. సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి తేదీలు రాగానే బుక్ చేసుకోవాలి.

సున్నా నుంచి మొదలుపెట్టి రోజూ రెండు మూడు గంటలు కూర్చుంటే ఎనిమిది నెలల నుంచి ఏడాది పడుతుందనుకోండి. "మూడు నెలల్లో ఎన్4 గ్యారంటీ" అనే కోచింగ్ సెంటర్ల మాట నమ్మొద్దు. ముందు హిరగానా, కతకానా అనే రెండు లిపులు రావాలి. ఒక్కోదాంట్లో 46 మూలాక్షరాలు. మన గుణింతాలు నేర్చినవాడికి అదేం పెద్ద పని కాదు, మూడు వారాల్లో వచ్చేస్తాయి. అసలు కష్టం కాంజీ అనే బొమ్మ అక్షరాలతో. వాటిని రోజుకు నాలుగైదు చొప్పున రాసి రాసి పట్టుకోవాల్సిందే. ఒక్క విషయంలో మాత్రం తెలుగువాళ్లకు సుళువు. "నేను రేపు పొలానికి వెళ్తాను" అని మనం మాటలను ఏ వరసలో పెడతామో జపనీస్‌లోనూ అదే వరస, క్రియ చివరే వస్తుంది. ఇంగ్లీషులో ఆలోచించి జపనీస్‌లోకి మార్చే అలవాటు చేసుకోకండి, తెలుగు నుంచే నేరుగా వెళ్లండి.

జపాన్ ప్రభుత్వ సంస్థ అయిన జపాన్ ఫౌండేషన్ వాళ్లు ఇరోదోరి అనే పాఠ్యపుస్తకాన్ని ఆడియోతో సహా ఉచితంగా నెట్‌లో పెట్టారు. జపాన్‌కు పనికి వచ్చేవాళ్ల కోసమే రాసిన పాఠాలవి. కోచింగ్‌కు డబ్బు కట్టేముందు మొదటి భాగంలో నాలుగు పాఠాలు మీరే చదివి చూడండి. ఈ చదువు మీకు పడుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

మూడో అడుగు: వ్యవసాయ పరీక్ష

దీని పేరు ఏఎస్ఏటీ. ఇదీ కంప్యూటర్ మీదే, గంటసేపు, 70 ప్రశ్నలదాకా ఉంటాయి. పంటల సాగు, పశుపోషణ అని రెండు విభాగాలు, మీకు కావాల్సినది ఎంచుకోవాలి. చదవాల్సిన పుస్తకం పరీక్ష పెట్టేవాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. నేల, ఎరువులు, తెగుళ్లు, పనిముట్లు, భద్రత మీద ప్రశ్నలు వస్తాయి. బొమ్మ చూపించి ఏది సరైన పద్ధతో అడుగుతారు. జపనీస్‌లో పని సూచన విని అర్థం చేసుకునే భాగం కూడా ఉంటుంది.

చిన్నప్పటి నుంచి పొలంలో పెరిగాం, మాకెందుకు చదువు అనుకోవద్దు. అక్కడ అడిగేది మన మిర్చి, పత్తి గురించి కాదు. ప్లాస్టిక్ షెడ్లలో టమాటా, వరి నాటే యంత్రాలు, ఆపిల్ చెట్ల కొమ్మ కత్తిరింపు లాంటివి. విభాగం ఎంచుకునేటప్పుడు ఇంకోటి ఆలోచించాలి. పశుపోషణలో పాడి ఒక్కటే ఉండదు, మాంసం కోసం పెంచే ఆవులు, పందులు, కోళ్లు కూడా వస్తాయి. ఆ పని మీకు సమ్మతమో కాదో ఇంట్లో మాట్లాడుకున్నాకే దరఖాస్తు చేయండి.

నాలుగో అడుగు: యజమానిని వెతకడం

ఇక్కడే మోసం జరిగేది. మన దేశం నుంచి విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంటుంది. పేరు ఉందో లేదో చూసి ఊరుకోవద్దు, లైసెన్సు ఇప్పుడు అమల్లో ఉందా, సస్పెండ్ అయిందా అన్నది కూడా అక్కడే కనిపిస్తుంది. చిరునామా సరిపోల్చండి. "మేం ఫలానా కంపెనీకి సబ్ ఏజెంట్లం" అంటే నేరుగా ఆ కంపెనీకే ఫోన్ చేసి అడగండి. జపాన్‌కు ఈసీఆర్ పాస్‌పోర్టు (పదో తరగతి పాస్ కానివాళ్లకు ఇచ్చేది) వాళ్లకైనా గల్ఫ్‌లాగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే వెళ్లేముందు మన ప్రభుత్వం అనుమతి, అక్కర్లేదు. దాన్ని సాకుగా పెట్టుకుని "జపాన్‌కు లైసెన్సుతో పనేంటి" అనేవాళ్లుంటారు. ఏజెంటుకు లైసెన్సు ఏ దేశానికి పంపినా కావాల్సిందే.

ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 35,400. బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా పెట్టొద్దు. ప్రభుత్వ సంస్థలు కూడా ఉన్నాయి: తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్. వాటి నోటిఫికేషన్లలో నర్సింగ్, కేర్‌గివర్ ఉద్యోగాలే ఎక్కువ, అయినా అడిగి పేరు నమోదు చేయించుకోవడంలో నష్టం లేదు.

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో ఉంటుంది. మీ గురించి చెప్పమంటారు, ఇంట్లో ఏ పంట వేస్తారని అడుగుతారు, చలిలో చేయగలవా అంటారు. వచ్చిన నాలుగు ముక్కలు జపనీస్‌లోనే చెప్పండి. బట్టీ పట్టిన ఉపన్యాసం కంటే అది నయం.

ఐదో అడుగు: ఒప్పందాన్ని ఒక్కో గీతా చదవడం

పని షరతుల పత్రం మీకు అర్థమయ్యే భాషలోనూ ఇవ్వాలి. ఇక్కడ తొందరపడొద్దు. జీతం అదే పని చేసే జపాన్‌వాళ్లకు ఇచ్చే దానికి తగ్గకూడదన్నది ఈ వీసా షరతు. 2025లో ప్రకటించిన కనీస వేతనం దేశం సగటున గంటకు 1,121 యెన్‌లు. పల్లె ప్రాంతాల్లో కొంచెం తక్కువ, అయినా ఎక్కడా 1,023కు తగ్గదు. గంటకు 1,100 అనుకుంటే రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 22 రోజులకు 1,93,600 యెన్‌లు. రూపాయల్లో లక్ష దాటుతుంది. కానీ అది చేతికొచ్చే జీతం కాదు. పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్, గది అద్దె, కరెంటు పోతాయి. పావు వంతుకు పైగానే కోతలకు పోతుందని లెక్క వేసుకోండి. రెండో ఏడాది నుంచి స్థానిక పన్ను కూడా తోడవుతుంది. మొదటి ఏడాది జీతం చూసి ఇక్కడ ఇంటికి అప్పు తెచ్చి పునాది వేస్తే అక్కడ ఇబ్బంది పడతారు.

ఏజెంట్లు చెప్పని మాట ఒకటుంది. జపాన్ కార్మిక చట్టంలో పని గంటలు, విరామం, వారపు సెలవుల నిబంధనలు వ్యవసాయానికి వర్తించవు. పైరుకు అదును, వానకు వేళ ఉండదు కాబట్టి అలా మినహాయించారు. దానివల్ల ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు దాటితే వచ్చే 25 శాతం అదనపు కూలి పొలంలో తప్పనిసరి కాదు. పని చేసిన గంటలకు మామూలు కూలి మాత్రం రావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 5 మధ్య చేసిన పనికి అదనం కూడా ఇవ్వాలి. కొందరు యజమానులు తమంతట తామే ఓవర్‌టైమ్ రేటు ఇస్తారు. కాబట్టి ఇంటర్వ్యూలోనే అడగండి: ఓవర్‌టైమ్ రేటు ఎంత? నెలకు సెలవులెన్ని? వానాకాలంలో, మంచు నెలల్లో పని ఎన్ని గంటలు? పూర్తికాలపు ఉద్యోగం అంటే వారానికి 30 గంటలు, ఏడాదికి 217 రోజులు తగ్గకూడదు.

ఊరు ఏదో కూడా చూసుకోండి. హొక్కైదోలో పాడి అంటే చీకటితోనే పాలు పితకాలి, శీతాకాలమంతా మంచే. నాగానోలో లెట్యూస్ కోత వేసవిలో తెల్లవారక ముందే మొదలవుతుంది. కుమామోతోలో టమాటా షెడ్లలో ఉక్కపోత మన ఎండాకాలాన్ని గుర్తుచేస్తుంది. వ్యవసాయంలో సీజన్‌ను బట్టి వేరే ప్రాంతాలకు పంపే ఏజెన్సీ ఉద్యోగాలకూ అనుమతి ఉంది. అలాంటిదైతే మారినప్పుడల్లా గది, ప్రయాణం ఖర్చు ఎవరిదో రాయించుకోండి. యజమాని చూపించే గది మనిషికి 7.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు.

"మధ్యలో మానేస్తే మూడు లక్షలు కట్టాలి" అనే బాండు మీద సంతకం పెట్టకండి. డిపాజిట్లు, జరిమానా ఒప్పందాలు ఈ వీసాలో నిషిద్ధం. అవి ఉన్నాయని తేలితే వీసాకే ఎసరు.

ఆరో అడుగు: సీఓఈ, వీసా

ఒప్పందం అయ్యాక యజమాని జపాన్ ఇమిగ్రేషన్ కార్యాలయంలో మీ తరఫున సీఓఈ అనే అర్హతా పత్రానికి దరఖాస్తు చేస్తాడు. ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. వచ్చాక దాన్ని జతచేసి ఇక్కడ వీసాకు వేయాలి. సీఓఈ గడువు మూడు నెలలే, ఆలోగా జపాన్‌లో దిగాలి. పరీక్షలు పాస్ కాకుండానే "సీఓఈ రెడీగా ఉంది" అని ఎవరైనా అన్నారంటే అది దొంగ కాగితమే. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చనే మాట అంతకంటే ప్రమాదం.

దిగిన తర్వాత

విమానాశ్రయానికి వచ్చి తీసుకెళ్లడం, బ్యాంకు ఖాతా, ఫోన్ ఏర్పాటు, మూడు నెలలకోసారి మీతో మాట్లాడటం, ఇవన్నీ యజమాని లేదా అతను పెట్టుకున్న సహాయ సంస్థ బాధ్యత. ఆ ఖర్చు మీ జీతంలో కోయకూడదు. నివాస కార్డు, పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. ఇల్లు కుదిరిన 14 రోజుల్లో మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. యజమానితో పొసగకపోతే ఇదే రంగంలో ఇంకో యజమాని దగ్గరికి మారే హక్కు మీకుంది, అనుమతి మాత్రం మళ్లీ తీసుకోవాలి. చెప్పకుండా పారిపోయి వేరేచోట పని చేస్తే ఆ హక్కూ పోతుంది.

మొదటి స్థాయి వీసా మీద భార్యాబిడ్డలను తీసుకెళ్లలేరు. 2023లో వ్యవసాయానికి కూడా రెండో స్థాయి వీసా తెరిచారు. దాన్ని ఎన్నిసార్లైనా పొడిగించుకోవచ్చు, కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు. అందుకు పై స్థాయి పరీక్ష జపనీస్‌లో రాయాలి, కొన్నేళ్ల పని అనుభవం చూపించాలి. అక్కడే స్థిరపడాలన్న ఆలోచన ఉంటే వెళ్లిన మొదటి ఏడాది నుంచే భాష చదువుతూ ఉండండి. తిరిగి వచ్చేసేవాళ్లు కట్టిన పెన్షన్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు, దేశం వదిలిన రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. ఆ ఫారం, పెన్షన్ నంబరున్న కాగితం బయలుదేరే ముందే సంచిలో పెట్టుకోండి.