మీ పేరుతోనే ఇంకో పదిమంది ఉన్నారా? ఆర్కిడ్ నంబర్ తీసుకునే విధానం, తర్వాత చేసుకోవాల్సిన రిపేర్లు

ఓ రోజు పొద్దున్నే మెయిల్ తెరిస్తే చేపల మేత మీద ఒక రీసెర్చ్ పేపర్ రివ్యూ చేసిపెట్టమని ఎవరో ఎడిటర్ రాశారు, ఈ సబ్జెక్ట్‌లో మీకున్న అనుభవం చూసి అడుగుతున్నాం అని కూడా ఉంది. నేను చేసేది కాంక్రీట్ మీద. ఎక్కడ తేడా కొట్టిందా అని పేపర్ల డేటాబేస్‌లో నా పేరు మీదున్న ప్రొఫైల్ తీసి చూస్తే అందులో 31 పేపర్లున్నాయి, నేను రాసినవి 9. మిగతా వాటిలో కొన్ని ఆ చేపల ఆయనవి, కొన్ని ఎవరో పళ్ళ డాక్టర్‌వి, ఒకటైతే నేను పుట్టకముందే అచ్చయింది. అందరిదీ ఒకటే ఇంటిపేరు, ఒకటే ఇనీషియల్, అంతే, సాఫ్ట్‌వేర్ అందరినీ ఒకే గాటన కట్టేసింది.

ఇలాంటిది మీకూ జరిగి ఉంటే, లేదా జరక్కముందే జాగ్రత్త పడదామనుకుంటే, ఆర్కిడ్ (ORCID) నంబర్, అంటే పేపర్లు రాసే ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబర్, ఎలా తీసుకోవాలో, తీసుకున్నాక ఏం చెయ్యాలో చెప్తాను. నంబర్ తీసుకోవడం పది నిమిషాల పని, అసలు పనంతా ఆ తర్వాతే ఉంటుంది, చాలామంది ఆ మొదటి పది నిమిషాల దగ్గరే ఆగిపోతారు.

ముందు ఈ కలగాపులగం ఎందుకవుతుందో రెండు ముక్కలు. పేపర్ల డేటాబేస్‌లు చాలాకాలం పాటు ఇంటిపేరు, ఒకటో రెండో ఇనీషియల్స్ మాత్రమే దాచుకునేవి. వైద్యం, జీవశాస్త్రం పేపర్లుండే పబ్‌మెడ్ అన్న డేటాబేస్‌లో పూర్తి పేర్లు ఎక్కించడం మొదలైందే 2002 నుంచి వచ్చిన పేపర్లకి, అంతకుముందువి చాలావరకు పొడి అక్షరాలే. 2011లో ప్రపంచం మొత్తంలో ఎక్కువ పేపర్లు రాసిన రచయిత ఎవరయ్యా అని లెక్క తీస్తే వై. వాంగ్ అని తేలింది, ఒక్క ఏడాదిలో 3,926 పేపర్లు, అంటే రోజుకి పదికి పైన! అది ఒక మనిషి కాదు, ఆ పేరున్న బోలెడంతమంది కలిసి ఒక్కరుగా లెక్కలోకొచ్చారు. హాలీవుడ్ సినిమావాళ్ళు దీనికి ఎప్పుడో దారి వెతుక్కున్నారు, నటుల యూనియన్‌లో ఆ పేరు అప్పటికే ఎవరిదైనా అయితే కొత్తగా వచ్చినవాళ్ళు వేరే పేరు పెట్టుకోవాల్సిందే, మైకేల్ కీటన్ అసలు పేరు మైకేల్ డగ్లసే, ఆ పేరు అప్పటికే ఇంకొకాయనది అయిపోయింది కాబట్టి మార్చుకున్నాడు. మనం సర్టిఫికెట్లలో ఉన్న పేరు మార్చుకోలేం కదా, అందుకని పేరు అలాగే ఉంచి పక్కన ఒక నంబర్ తగిలించారు. అదే ఆర్కిడ్, 2012 అక్టోబర్‌లో మొదలైంది, నడిపేది లాభాపేక్ష లేని సంస్థ, మనకి పైసా ఖర్చు లేదు. ఖర్చులు మెంబర్లుగా చేరిన యూనివర్సిటీలు, పబ్లిషర్లు భరిస్తారు. కాబట్టి ఎవరైనా ఆర్కిడ్ ఇప్పిస్తాం, ఫీజు కట్టండి అంటే కట్టకండి.

ఇక రిజిస్ట్రేషన్. ఆర్కిడ్ డాట్ ఆర్గ్‌లోకి వెళ్ళి రిజిస్టర్ నొక్కే ముందు అక్కడే సెర్చ్‌లో మీ పేరు ఒకసారి కొట్టి చూడండి. ఇది వేరేవాళ్ళ కోసం కాదు, మీకోసమే. ఎప్పుడో ఒక పేపర్ సబ్‌మిట్ చేసేటప్పుడు హడావుడిలో ఒక నంబర్ తీసుకుని మర్చిపోయి ఉండొచ్చు, నేనే అలా చేశాను, దాని సంగతి కింద చెప్తాను. మీ పాత ఈమెయిళ్ళు ఒక్కొక్కటీ పెట్టి పాస్‌వర్డ్ మర్చిపోయాను అన్న లింక్‌తో కూడా ట్రై చెయ్యండి.

ఫారంలో మొదటి పేరు తప్పనిసరి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినా ఊరుకుంటుంది, కానీ వదలకండి. ఇక్కడ చేసే పొరపాటేంటంటే ఇనీషియల్స్ పెట్టేసి ఊరుకోవడం. మన గొడవంతా ఇనీషియల్స్ వల్లే వచ్చింది, మళ్ళీ అవే పెడితే ఎలా? పూర్తి పేరు రాయండి. ఇదివరకు పేపర్ల మీద వేరే రకంగా పడి ఉంటే, అంటే ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎక్కువ, పెళ్ళయ్యాక మారిన పేరు, ఇలాంటివన్నీ అకౌంట్ తెరిచాక ఇతర పేర్లు అన్న చోట ఒక్కొక్కటీ ఎక్కించొచ్చు. మీ పేరు మీ లిపిలో రాసి అక్కడ పెట్టుకోవచ్చు కూడా. ఇకముందు రాసే పేపర్లకి మాత్రం ఏదో ఒక్క రూపం ఖాయం చేసుకుని దానికే కట్టుబడి ఉండండి.

ఈమెయిల్ రెండు ఇవ్వండి, ఒకటి ఆఫీసుది, ఒకటి సొంతది. ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, ఆఫీసు మెయిల్ ఒక్కటే ఇస్తారు, ఉద్యోగం మారతారు, ఆ మెయిల్ ఆగిపోతుంది, పాస్‌వర్డ్ గుర్తుండదు, రీసెట్ లింక్ ఆ చచ్చిపోయిన మెయిల్‌కి పోతుంది, ఇక చేసేది లేక కొత్త నంబర్ తీసుకుంటారు, అక్కడితో ఒకే మనిషికి రెండు నంబర్లు. పదిమందికి ఒక పేరు అన్న సమస్య తీర్చుకుందామని వచ్చి ఒక మనిషికి రెండు నంబర్లు అన్న సమస్య తెచ్చుకున్నట్టు.

పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలు. తర్వాత ఎవరికి కనపడాలి అని అడుగుతుంది, అందరికీ, మీరు పర్మిషన్ ఇచ్చిన సంస్థలకి మాత్రమే, మీ ఒక్కరికే అని మూడు. ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను, పేపర్లు, ఉద్యోగం, చదువు ఈ మూడూ అందరికీ పెట్టండి. ప్రైవసీ అని మొత్తం మూసేస్తే ఆ పేజీ తెరిచినవాళ్ళకి ఉత్త పేరూ నంబరే కనపడతాయి, ఆ పేరున్న పదిమందిలో మీరెవరో తెలిసేదెలా? ఈమెయిల్ మాత్రం మీ ఒక్కరికే పెట్టుకోండి. టర్మ్స్‌కి ఒప్పుకుని రిజిస్టర్ నొక్కాక మెయిల్‌కి వెరిఫికేషన్ లింక్ వస్తుంది, అది నొక్కేదాకా మీ రికార్డ్‌లో మీరే ఏమీ రాసుకోలేరు. రాలేదంటే స్పామ్‌లో చూడండి.

నంబర్ 16 అంకెలు, నాలుగేసి చొప్పున నాలుగు ముక్కలు. చివరది కొంతమందికి అంకె కాకుండా ఎక్స్ వస్తుంది, అది తప్పు ప్రింట్ కాదు, కంగారు పడకండి. ఆ చివరిది మిగతా 15 అంకెల్ని బట్టి లెక్క కట్టి వేసేది. ఎలాగో చూపిస్తా. ఆర్కిడ్ వాళ్ళు నమూనాగా వాడే నంబర్ ఒకటుంది, 0000-0002-1825-0097, అది జొసయ్యా కార్బెరీ అనే ప్రొఫెసర్‌ది, అసలు అలాంటి మనిషే లేడు, బ్రౌన్ యూనివర్సిటీలో 1929 నుంచి సరదాగా నడుస్తున్న ఉత్తుత్తి ప్రొఫెసర్, ఆయన సబ్జెక్ట్ పగిలిన కుండల శాస్త్రం! సరే లెక్కకొద్దాం. ఎడమ నుంచి ఒక్కో అంకె తీసుకుని అప్పటిదాకా వచ్చినదానికి కలిపి రెండుతో గుణించుకుంటూ పోవాలి. మొదటి ఏడు సున్నాలకీ సున్నానే. 2 రాగానే 4, తర్వాత 1 కలిపి రెట్టిస్తే 10, 8తో 36, 2తో 76, 5తో 162, రెండు సున్నాలకి 324, 648, చివరి 9తో 1314. దీన్ని 11తో భాగిస్తే మిగిలేది 5. 12లోంచి 5 తీసేస్తే 7. నంబర్ చివరున్న 7 అదే. ఈ తీసివేతలో 10 వస్తే ఎక్స్ రాస్తారు, 11 గానీ 12 గానీ వస్తే అందులోంచి 11 తీసేస్తారు. ఇప్పుడు 18 బదులు పొరపాటున 81 కొట్టామనుకోండి, లెక్క 1762కి పోతుంది, మిగిలేది 2, అంటే చివర ఎక్స్ ఉండాలి, కానీ మనం 7 కొట్టాం కాబట్టి కంప్యూటర్ వెంటనే పట్టేస్తుంది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా దొరికిపోతుంది.

కానీ వేరేవాళ్ళ నంబర్ సరిగ్గా కొడితే? అది పట్టుకోదు! అది కూడా సరైన నంబరే కదా. అందుకే జర్నల్‌కి పేపర్ పంపేటప్పుడు నంబర్ చేత్తో టైప్ చెయ్యకండి, అక్కడ ఆర్కిడ్ బటన్ ఉంటుంది, అది నొక్కి లాగిన్ అయి పర్మిషన్ ఇస్తే మీ నంబర్ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మీతో పాటు రాసినవాళ్ళ నంబర్ మీరు గూగుల్‌లో వెతికి పెట్టడం అసలే వద్దు, అదే పేరున్న ఇంకొకరిది పెట్టేస్తారు, వాళ్ళనే లాగిన్ అవ్వమనండి.

ఇక పేపర్లు ఎక్కించడం. ఒక్కొక్కటీ చేత్తో రాయక్కర్లేదు, డీఓఐ (ఒక్కో పేపర్‌కి విడిగా ఉండే గుర్తింపు కోడ్) ఉంటే అది కొడితే వివరాలు వచ్చేస్తాయి, పబ్‌మెడ్ నంబర్‌తో కూడా వస్తాయి. సెర్చ్ అండ్ లింక్ అని ఒకటుంది, దాంట్లో క్రాస్‌రెఫ్, స్కోపస్ లాంటి పేపర్ల డేటాబేస్‌ల నుంచి ఒకేసారి లాక్కోవచ్చు. హాయిగా ఉంటుంది కానీ ప్రమాదం కూడా ఇక్కడే, అవి పేరు పెట్టి వెతుకుతాయి కాబట్టి మీ పేరున్న అందరివీ చూపిస్తాయి, అన్నీ సెలెక్ట్ చేసి ఓకే కొట్టారంటే చేపల ఆయన పేపర్లు మీ సంతకంతో మీ రికార్డ్‌లోకి వస్తాయి. ఇదివరకు సాఫ్ట్‌వేర్ తప్పు, ఇప్పుడు మీరే అన్నట్టు అవుతుంది. ఆర్కిడ్ వాళ్ళు ఎవరు ఏం ఎక్కించారో ముందే చెక్ చెయ్యరు, ఏ ముక్క ఎవరు పెట్టారన్నది మాత్రం పక్కన కనపడుతుంది. క్రాస్‌రెఫ్ నుంచి ఆటో అప్‌డేట్‌కి పర్మిషన్ అడుగుతూ ఇన్‌బాక్స్‌లో మెసేజ్ వస్తే ఒప్పుకోండి, అది మీరు నంబర్ ఇచ్చి పంపిన పేపర్లకే పనిచేస్తుంది, పేరు చూసి కాదు.

రెండు నంబర్లు ఉన్నాయని తేలితే అకౌంట్ సెట్టింగ్స్‌లో డూప్లికేట్ రికార్డ్ తీసేసే ఆప్షన్ ఉంది. ఏది ఉంచుకోవాలనుకుంటున్నారో దాంట్లో లాగిన్ అయి, రెండోదాని ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇస్తే అది దీంట్లో కలుస్తుంది, పాత నంబర్ కొట్టినా ఇకముందు కొత్తదానికే పోతుంది. కాకపోతే ఈమెయిళ్ళు తప్ప పాతదాంట్లో ఎక్కించినవేవీ ఇవతలికి రావు, పోతాయి. నాకు ఇది తెలీక పాతదాంట్లో కూర్చుని ఎక్కించుకున్నవన్నీ పోగొట్టుకుని మళ్ళీ మొదట్నుంచి చేసుకున్నాను. అందుకని ఎక్కువ డేటా ఉన్నదాన్ని ఉంచుకోండి, తీసేసేదాంట్లోవి ముందే బిబ్‌టెక్ ఫైల్‌గా (పేపర్ల వివరాల లిస్ట్ దాచే ఫైల్) దించి పెట్టుకోండి.

నంబర్ వచ్చింది కదా అని స్కోపస్, గూగుల్ స్కాలర్ వాటంతటవే సర్దుకోవు. స్కోపస్‌లో ప్రొఫైల్ మనం తెరిచేది కాదు, అదే తయారు చేసుకుంటుంది, తప్పులుంటే ఆథర్ ఫీడ్‌బ్యాక్ విజార్డ్‌లో మనం చెప్పాలి, దానికి సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు, ఉచితంగా అకౌంట్ తెరిస్తే చాలు. మీ పేరుతో కనపడే ప్రొఫైళ్ళలో మీ పేపర్లున్నవాటికి టిక్ పెట్టి, అందులో మీవి కానివి ఒక్కొక్కటీ తీసేసి పంపాలి. నేను ఆ 22 పేపర్లు తీసేసిన రోజు సైటేషన్లు (వేరేవాళ్ళు నా పేపర్లని ప్రస్తావించిన లెక్క), దాన్ని బట్టి కట్టే హెచ్ ఇండెక్స్ అన్న స్కోరు ఢమాల్మని పడ్డాయి, అబద్ధం ఎందుకు, కాస్త చివుక్కుమంది. అయినా ఉంచుకోకండి, ప్రమోషన్ కమిటీలో ఎవరైనా ఒక్కరు లిస్ట్ కింది దాకా చదివితే పళ్ళ డాక్టర్ పేపర్ మీదెలా అయిందో చెప్పుకోవాల్సింది మీరే. అటుపక్క ఆ డాక్టర్ గారు కూడా తన పేపర్లు ఏమైపోయాయా అని వెతుక్కుంటూ ఉంటారు.

స్కాలర్ అయితే ఇంకా దూకుడు. ప్రొఫైల్ తెరవగానే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటోమేటిక్‌గా చేర్చొద్దు, మెయిల్ పంపి నన్ను అడుగు అన్న ఆప్షన్ పెట్టుకోండి, లేకపోతే మీరు పడుకుని లేచేసరికి ఎవరివో పేపర్లు వచ్చి చేరుంటాయి. వెబ్ ఆఫ్ సైన్స్ అన్న ఇంకో డేటాబేస్‌లో రీసెర్చర్ ఐడీ వేరే, అందులో ప్రొఫైల్ క్లెయిమ్ చేసుకుని ఆర్కిడ్‌తో కలపొచ్చు.

పేపర్లు కాకుండా పుస్తకాలు, పాటలు, నటన లాంటివి మీ పనైతే ఐఎస్ఎన్ఐ అని ఇంకో నంబర్ ఉంది, అదీ 16 అంకెలే, చివరి అంకె లెక్క కూడా ఇదే. ఆర్కిడ్ నంబర్లు వాటికోసం విడిగా పక్కనపెట్టిన బ్లాక్‌లోంచి ఇస్తారు కాబట్టి రెండూ ఢీకొట్టుకోవు. ఐఎస్ఎన్ఐ మాత్రం ఆర్కిడ్‌లా మనమే నొక్కి తీసుకునేది కాదు, రిజిస్ట్రేషన్ ఏజెన్సీల ద్వారా వెళ్ళాలి, ముందు వాళ్ళ సైట్‌లో మీ పేరు వెతికి చూడండి, లైబ్రరీల రికార్డుల్లోంచి మీకు ఇప్పటికే ఒకటి పడి ఉండొచ్చు.

చివరగా ఎవరైనా వాళ్ళ ఆర్కిడ్ రికార్డ్‌లో మీ పేపర్ పెట్టేసుకుని ఉంటే ముందు ఆ మనిషికి మర్యాదగా ఒక మెయిల్ రాయండి, పది సార్లలో తొమ్మిది సార్లు అది ఇందాక చెప్పిన అన్నీ సెలెక్ట్ చేసి ఓకే కొట్టిన బాపతే అయి ఉంటుంది. పలక్కపోతే ఆర్కిడ్ వాళ్ళకే కంప్లైంట్ పెట్టొచ్చు, దానికి డిస్ప్యూట్ ప్రొసీజర్ ఉంది. ఏ పేపర్, దాని డీఓఐ, అది మీదేనని చూపించే ఆధారం జతచెయ్యండి, పేపర్ మీద ఉన్న మీ అఫిలియేషన్ (మీరు పనిచేసే సంస్థ పేరు), కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే రచయిత) మెయిల్ ఇవి చాలు. చేపల ఆయనకి నేను రాశాను, రెండో రోజే రిప్లై వచ్చింది, ఆయనకి కూడా కాంక్రీట్ పగుళ్ళ మీద రివ్యూకి రెండేళ్ళుగా మెయిల్స్ వస్తున్నాయట.