ఇంటర్వ్యూ అయ్యాక హెచ్‌ఆర్‌కి ఎప్పుడు, ఎలా రాయాలి?

శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఇంటర్వ్యూ ముగించుకుని తిరుపతి బస్సెక్కగానే, అడిగిన ప్రశ్నలన్నీ ఫోన్‌లో రాసుకుంటాను. ఆ రాత్రే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడతాను. సబ్జెక్ట్‌లో పోస్టు పేరు, ఇంటర్వ్యూ తేదీ ఉండాల్సిందే. ఎంతోమందిని చూసేవాళ్లకి మన పేరొక్కటే గుర్తుండదు. "సార్, ప్రొడక్షన్ లైన్ ఆగిపోతే ఏం చేస్తావని అడిగారు, ముందు సెన్సార్ చూస్తానని చెప్పడం మరిచాను" అని నేనోసారి రాశాను. అలాంటి ఒక్క ముక్క, ఒక థాంక్స్ చాలు.

బయటికొచ్చే ముందే "ఎప్పటిలోగా చెబుతారండీ?" అని అడగండి. వారమంటే వారం ఆగి, ఇంకో రెండు పనిరోజులు చూసి, అదే మెయిల్‌కి రిప్లైగా మర్యాదగా అడగండి. వాట్సాప్‌లో గుడ్‌మార్నింగ్‌లు వద్దు.

ఒక కంపెనీ వాళ్లు వారమన్నారు, నెలైనా ఉలుకూ పలుకూ లేదు. వాళ్లకోసం రేణిగుంటలో వచ్చిన అవకాశం వదులుకున్నాను, ఇప్పటికీ బాధే. మీరు మాత్రం జవాబు వచ్చేదాకా మిగతా ఇంటర్వ్యూలు ఆపకండి.