శక్తిమణిని వెతికే సేనాపతి: యానిమే తరహా ప్రతినాయకుడిని రాసే పద్ధతి

యానిమే, అంటే జపాన్ యానిమేషన్, చూస్తూ పెరిగి, ఇప్పుడు తెలుగులో సొంత ఫాంటసీ కథలూ కామిక్కులూ రాస్తున్నవారి కోసం ఈ వ్యాసం. ఇలాంటి కథల్లో తరచుగా ఎదురయ్యే పాత్ర ఒకటి ఉంది. నల్లని కవచం తొడుక్కుని, వేల మంది సైనికులను వెంటబెట్టుకుని, ఎక్కడో దాగి ఉన్న మణి కోసమో ఖడ్గం కోసమో ఊళ్లు తగలబెడుతూ సాగే సేనాపతి పాత్ర అది. మొదటి ముసాయిదాలో ఈ పాత్ర చాలాసార్లు తేలిపోతుంది. ఆ మణి దేనికని అడిగితే లోకాన్ని ఏలడానికి అన్న జవాబు తప్ప రచయిత దగ్గర మరొకటి ఉండదు. అప్పటికే సగం లోకాన్ని కత్తితో గెలిచినవాడు మిగిలిన సగాన్నీ అలాగే గెలవవచ్చు కదా, మణితో అతనికేం పని అని పాఠకుడికి అనుమానం వస్తుంది. ఆ అనుమానం వచ్చాక ఎన్ని యుద్ధాలు వర్ణించినా కథ నిలబడదు.

అందుకే మణి గురించి ఒక్క వాక్యం రాయకముందే, సైన్యం వల్ల తీరని కోరిక అతనికి ఏముందో తేల్చుకోండి. ఈ విషయంలో తొరియామా అకిరా 1984 నుంచి 1995 వరకు గీసిన ‘డ్రాగన్ బాల్’ మాంగా (జపాన్ కామిక్కు) లోని ఫ్రీజా చక్కని ఉదాహరణ. గ్రహాలను జయించి అమ్ముకునే సామ్రాజ్యం అతనిది. ధనానికీ బలానికీ కొదవ లేదు. అతని దగ్గర లేనిదీ, ఏ దళపతీ తెచ్చివ్వలేనిదీ చావులేని బ్రతుకు ఒక్కటే. కోరిక తీర్చే ఏడు గోళాలున్న నమెక్ గ్రహం మీదికి అతను స్వయంగా దిగి రావడానికి ఆ ఒక్క కారణం సరిపోతుంది. మియజాకి హయావో 1984లో తీసిన ‘నౌసికా’ చిత్రంలో కుషానా అనే సేనాని కోరిక ఇంకా దగ్గరిది, ఇంకా న్యాయమైనది. మనుషులను మింగుతూ విస్తరిస్తున్న విషపుటడవినీ, అందులోని మహాకీటకాలనూ ఏ సైన్యమూ ఆపలేదు. ఆ కీటకాల వల్లే ఆమె తన చేతిని పోగొట్టుకుంది. ప్రాచీన యుద్ధంలో లోకాన్ని కాల్చిన రాక్షసయంత్రాన్ని నిద్రలేపితేనే అడవి అంతమవుతుందని ఆమె నమ్ముతుంది. ఆమె మార్గాన్ని అంగీకరించలేకపోయినా, ఆమె చెప్పే కారణాన్ని కొట్టిపారేయలేం. నా దృష్టిలో ఈ రెండో రకమే మేలైనది, ఎందుకంటే అది కథానాయకుడి చేత కూడా జవాబు చెప్పించక తప్పని స్థితిని తెస్తుంది.

ఈ పద్ధతిని చూపడానికి ఒక కల్పిత సేనాపతిని తీసుకుందాం. అతను పుట్టిన లోయలో బావులన్నీ ఉప్పుబారిపోయాయి. పొలాలు చవుడుదేలాయి, జనం వలసపోయారు. భూగర్భంలోంచి తీపినీటిని పైకి లాగే ఒక శిల ఉందని పాత శాసనాలు చెబుతున్నాయి. అతనికి కావలసింది ఆ శిల. రాజ్యాలను గెలిస్తే పొరుగువారి నీళ్లు దక్కుతాయే గాని సొంత లోయ పచ్చబడదు. ఇప్పుడు ఈ కోరికను పాఠకుడికి ఉపన్యాసంగా చెప్పకండి. గెలిచిన ఊళ్లోకి గుర్రం దిగగానే, బందీలను ప్రశ్నించకముందే, ఖజానా తాళాలు అడగకముందే, అతను నేరుగా బావి దగ్గరికి వెళ్లి, చేద వేసి, దోసిట్లో నీళ్లు పట్టి నాలుకకు తాకించి చూస్తాడు. ఒక ఊళ్లో చూస్తాడు, రెండో ఊళ్లోనూ చూస్తాడు. మూడో ఊరు వచ్చేసరికి అతని అంగరక్షకులే ముందుగా వెళ్లి బావి చుట్టూ ఉన్నవాళ్లను పక్కకు తప్పిస్తారు. కారణం చెప్పేలోగానే పాఠకుడికి అతను తెలిసిపోతాడు.

కోరిక తేలాక వస్తువు సంగతి. సేనాపతులు వస్తువుల కోసం నిజంగానే తపించిన కాలం జపాన్ చరిత్రలో ఉంది. 1467లో ఓనిన్ యుద్ధంతో మొదలై నూరేళ్లకు పైగా ప్రభువులు ఒకరితో ఒకరు పోరాడిన సెంగోకు కాలాన్ని చదవకుండా ఇలాంటి పాత్రను రాయడం పెద్ద లోటు. 1568లో ఓదా నొబునాగా అనే సేనాపతి రాజధాని క్యోతోలో ప్రవేశించినప్పుడు, మత్సునాగా హిసాహిదే అనే ప్రభువు లొంగుబాటుకు గుర్తుగా అతనికి సమర్పించినది త్సుకుమో నాసు అనే పేరుగల చిన్న తేయాకుపొడి భరిణె. అరచేతిలో ఇమిడిపోయే ఆ మట్టిపాత్రను అంతకుముందు షోగున్ల, అంటే దేశాన్ని ఏలిన సైనిక పాలకుల, వంశం దాచుకుంది. 1574లో నొబునాగా చక్రవర్తి అనుమతి తీసుకుని, నారా నగరంలోని తోదాయ్‌జి ఆలయ భాండాగారంలో భద్రపరిచిన రంజతాయ్ అనే సుగంధపు మానును బయటికి తెప్పించి, దానిలోంచి రెండు చిన్న ముక్కలు కోయించుకున్నాడు. ఆ మాను పొడవు 156 సెంటీమీటర్లు, బరువు 11.6 కిలోలు. అతను కోయించుకున్నది చిటికెడు పరిమళం, అంతే. అయినా దానిని లోగడ కోయించుకున్నవారిలో అషికాగా షోగున్లు ఉన్నారు కాబట్టి, వారి స్థానం ఇక తనదేనని దేశమంతటికీ తెలిసిపోయింది. ఇక్కడ రచయితకు పనికివచ్చే సంగతి ఒకటుంది. వస్తువుకు మాయాశక్తి ఉన్నా లేకపోయినా, అంతకుముందు అది ఎవరి చేతిలో ఉండేదన్న చరిత్రే దానికి సగం విలువనిస్తుంది. మీ మణికి కూడా అలాంటి పూర్వయజమానులను ఇద్దరు ముగ్గురినైనా కల్పించండి. వారిలో ఒకరు దానిని ఎలా పోగొట్టుకున్నారో మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

తరువాత నియమం. శక్తికి షరతు లేకపోతే మణి ఎవరి చేతికి చిక్కితే వారే గెలుస్తారు. అప్పుడు కథ పరుగుపందెంగా మిగిలిపోతుంది. పోతన భాగవతం విని పెరిగిన మనకు ఈ సూత్రం కొత్తది కాదు. హిరణ్యకశిపుడి వరం ఎంత పకడ్బందీగా ఉందో నరసింహావతారమూ అంత కచ్చితంగా దాని సందులోంచే వచ్చింది. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడికి నియమం ముందే తెలుసు, దేవి ప్రసన్నం కావాలంటే సాహసవంతుడైన యువకుడిని బలి ఇవ్వాలి. ఆ నియమం తోటరాముడి చెవిన పడిన క్షణం నుంచి అదే మాంత్రికుడి మెడకు చుట్టుకుంటుంది. చివరికి బలి అయ్యేది అతనే. నియమం మారలేదు, దానిని వాడుకున్న చేయి మారింది.

‘డ్రాగన్ బాల్’లో నియమాలు ఇంకా చిక్కగా ఉంటాయి. ఏడు గోళాలూ ఒకచోట చేరాలి, వాటిని సృష్టించిన పెద్దాయన బ్రతికి ఉండాలి, కోరిక నమెక్ భాషలోనే పలకాలి. ఏడు గోళాలూ చేతికి వచ్చాక ఫ్రీజా వాటి ముందు నిలబడి తన కోరిక చెబుతాడు, ఏమీ జరగదు. ఆ దృశ్యాన్ని ఆపి ఆపి చూడండి. ఊళ్లకు ఊళ్లే చంపించినవాడు అక్కడ నిస్సహాయంగా నిలబడడానికి కారణం అతని అలవాటే, ఎందుకంటే అవసరమైన మాటలు చెప్పగలిగినవాళ్లను అతనే చంపించాడు. అంతకుముందు ఒక ఊరిపెద్ద ఇంకా సూక్ష్మమైన దెబ్బ తీస్తాడు. శత్రు సైనికులు కంటికి తగిలించుకున్న యంత్రాల సాయంతోనే మిగతా ఊళ్లను కనిపెడుతున్నారని గ్రహించి, మనుషులను వదిలేసి ఆ యంత్రాలనే పేల్చివేస్తాడు. ఆయన ప్రాణం పోతుంది గాని, గ్రహమంతా వ్యాపించిన వేట ఆ క్షణం నుంచి గుడ్డిదవుతుంది. నియమం రాసుకునేటప్పుడు ఈ లక్షణాన్ని పాటించండి. అది ప్రతినాయకుడి బలహీనతను కాక, అతను గర్వపడే బలాన్నే అడ్డుకోవాలి. భయపెట్టి గెలిచేవాడికి, భయపెడితే పలకని శక్తి ఎదురుపడాలి. మన ఉప్పులోయ సేనాపతి విషయంలో నియమం ఇలా పెట్టవచ్చు: శిల నీటిని పుట్టించదు, ఒకచోటి నీటిని లాగి మరొకచోట పోస్తుంది. తన లోయ తడిసిన నాడు మరెవరిదో ఎండుతుంది. తన ఊరు ఎండిపోవడాన్ని కళ్లారా చూసినవాడే ఆ నిర్ణయం తీసుకోవాలి.

ఎక్కువమంది తడబడేది ఆ తరువాతి మెట్టు దగ్గర. యుద్ధం ఒక దారి, మణి వెతుకులాట మరొక దారి అయిపోయి, ఒక అధ్యాయం దానికీ మరొకటి దీనికీ అన్నట్టు కథ చీలిపోతుంది. ఈ రెండింటినీ విడదీయలేనంతగా కలిపిన రచన అరకావా హిరోము ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’. అందులో పరుసవేది రాయి మనుషుల ప్రాణాలతోనే తయారవుతుంది. అమెస్ట్రిస్ దేశం చేసిన యుద్ధాలూ, సరిహద్దు ఘర్షణలూ, ఇష్వాల్ ఊచకోతా విడివిడి సంఘటనలుగా మొదట కనిపిస్తాయి. పటం మీద ఆ చోట్లన్నీ కలిపి గీత గీసినప్పుడే అది ఆ రాయిని తయారుచేసే దేశమంత మంత్రవలయమనీ, ఆయా చోట్ల చిందిన రక్తం ఆ వలయానికి కావలసిన ముద్రలనీ బయటపడుతుంది. ఉత్తరాన బ్రిగ్స్ కోట ముందు ఎగదోసిన యుద్ధం చివరి ముద్ర కోసమే. సేనాధిపతి, దేశాధినేత అయిన కింగ్ బ్రాడ్లీకి ఈ సంగతి ముందే తెలుసు. పాఠకుడు అంతకుముందు చదివిన ప్రతి యుద్ధాన్నీ మళ్లీ కొత్తగా లెక్కవేసుకోవలసి వస్తుంది. మీ కథలో కూడా, ఇప్పటివరకు రాసిన ప్రతి ముట్టడి పక్కన, దీనివల్ల మణికి అతను ఎంత దగ్గరయ్యాడు అని రాసిపెట్టుకోండి. జవాబు లేని ముట్టడిని తీసివేయడమో, జవాబు వచ్చేలా మార్చడమో చేయండి. ఉప్పులోయ సేనాపతి కోటల మీద కాక నదుల ఆనకట్టల మీద దాడి చేస్తాడు. శత్రువుల వ్యూహకర్తలకు అది మొదట అర్థం కాదు.

సైన్యాన్ని కూడా మనుషులుగా చూడండి. పాత లిపి చదివే పండితుడు ఎవరు, అతనికి జీతమా, బెదిరింపా? తవ్వేవాళ్లకు గింజలు ఎక్కడినుంచి వస్తున్నాయి? మణి దొరికితే యుద్ధం ముగిసి తన పదవి పోతుందని భయపడే దళపతి ఒకడైనా ఉంటాడు. ఇవి ఒక్కొక్క వాక్యంలో తేలిపోయినా చాలు.

సంభాషణల విషయంలో తెలుగు మీకు మంచి సాధనం ఇస్తుంది. ఫ్రీజా జపనీస్‌లో ఎంతో మర్యాదగా మాట్లాడుతాడు, కోపం ముదిరినప్పుడు ఆ మర్యాద ఊడిపోతుంది. తెలుగులో ఇదే పనిని ‘మీరు’ చేయగలదు. బందీగా దొరికిన గ్రామపెద్దను ‘మీరు’ అని సంబోధిస్తూ, కూర్చోబెట్టి, శిల ఎక్కడుందో అడిగే సేనాపతి, కేకలు పెట్టే సేనాపతి కంటే భయంకరుడు. కథ మొత్తంలో అతని నోట ‘నువ్వు’ ఒక్క చోట దొర్లనివ్వండి, అదీ నియమం తనకు ఎదురుతిరిగిందని గ్రహించిన చోట. పౌరాణిక నాటకాల ఫక్కీలో ‘ఓరీ’ అంటూ ప్రతి వాక్యాన్నీ మొదలుపెట్టించడం వల్ల ఈ అవకాశం చేజారిపోతుంది.

శక్తి చేతికి అందిన ఘట్టానికి మీ దగ్గరున్న ఓపికంతా వెచ్చించండి. 1986 నాటి ‘లాపుటా’ చిత్రంలో కర్నల్ మస్కా ఆకాశదుర్గపు గర్భాలయానికి చేరినప్పుడు, అక్కడ పెరిగిన వేళ్లనూ నాచునూ చిరాకుగా తొలగించి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, రాతి మీది అక్షరాలను దానితో సరిచూసుకుంటాడు. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నాడని ఆ పుస్తకం చెబుతుంది. కాసేపటికే తనను అక్కడికి మోసుకొచ్చిన సైన్యాన్నే, దాని మహానౌకతో సహా, నేలకూలుస్తాడు. సైన్యం అతనికి నిచ్చెన మాత్రమే అని చూపడానికి వేరే మాటలు అక్కరలేదు. తకహాషి రుమికో ‘ఇనుయాషా’లో నరాకు కథ ఇంకో దారిన వెళ్తుంది. యువప్రభువు రూపం ధరించి కోటను ఏలినవాడు, ముక్కలైన మణిని చివరికి పూర్తిగా కూర్చుకున్నవాడు, తన అసలు కోరిక కిక్యో అనే పూజారిణి మనసేననీ, మణి దానిని తీర్చలేదనీ తెలుసుకుని పోతాడు. కుషానా సంగతి వేరు: రాక్షసయంత్రాన్ని గడువుకు ముందే లేపుతుంది. అది కొండమీదికి పాకుతూ వచ్చి, ఒంటిమీది మాంసం కరిగి కారుతుండగానే మొదటిసారి నిప్పు కక్కుతుంది. రెండోసారికి నీరసించి, అక్కడికక్కడే కుప్పకూలుతుంది. ఈ మూడింటిలో మీ పాత్రకు సరిపోయేది, మీరు మొదట రాసుకున్న కోరికను బట్టి తేలుతుంది. ద్రోహమా, వెలితా, తొందరపాటా అన్నది ముందే నిర్ణయించుకుని, దాని జాడలను వెనకటి అధ్యాయాల్లో నాటుకుంటూ రండి.

అతను పడిపోయాక కథను వెంటనే ఆపకండి. 1582లో హొన్నో‌జి ఆలయంలో తన దళపతి అకెచి మిత్సుహిదే తిరుగుబాటుతో నొబునాగా చనిపోయాడు. రెండు వారాలు తిరగకముందే మిత్సుహిదే కూడా యమజాకి యుద్ధంలో ఓడిపోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. తేయాకుపొడి భరిణె మాత్రం చేతులు మారుతూనే వచ్చింది. 1615లో ఒసాకా కోట కూలినప్పుడు శిథిలాల్లో ముక్కలుగా దొరికితే, కోటను గెలిచిన తొకుగావా ఇయెయసు ఆజ్ఞ మీద లక్కపూతతో దానిని అతికించారు. ఇప్పుడది తోక్యోలో, సెయికాదో బుంకో సేకరణలో ఉంది. మీ సేనాపతి పోయిన మరునాడు శిల ఎవరి చేతికి వచ్చింది, జీతం అందని సైనికులు ఎటు వెళ్లారు, నీళ్లు పోగొట్టుకున్న లోయవాళ్లు ఎవరిని నిలదీశారు అన్నవాటికి ఒక అధ్యాయం కేటాయించి, అది రాసేటప్పుడు కథానాయకుడి చేతిలో శిలను కనీసం ఒక రాత్రి ఉంచండి.