గ్యాస్ లీక్ మాక్ డ్రిల్‌కు ముందు ఇవి చూసుకోండి

విశాఖలో ఏఎన్ఎంలకు, ఆశాలకు, నర్సులకు డ్రిల్ పెడుతున్నారా? అన్నిటికన్నా ముందు చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు చెప్పండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకై, నిద్రలోంచి లేచి పరుగెత్తిన జనం ఉన్న ఊరిది. చెప్పకుండా సైరన్ మోగిస్తే వాళ్లని మళ్లీ ఏడిపించినట్టే. పోలీసులకు, ఫైర్ స్టేషన్‌కు, 108కి కూడా కబురు పెట్టండి.

• గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, ఆ వైపే శిబిరం పెట్టండి. స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు, పల్లంలో చేరుతుంది. గెడ్డ పక్కన అస్సలు వద్దు.

• ఎన్95 మాస్క్ దుమ్మునీ సూక్ష్మక్రిములనీ వడకడుతుంది గానీ ఆవిరిని ఆపదు. చాలామందికి ఈ అపోహ ఉంది, డ్రిల్ మొదలవకముందే పోగొట్టాలి.

• రసాయనం అంటిన బట్టలు తీయించే చోట ఆడవాళ్లకు విడిగా పరదాలు కట్టండి. ఇది మర్చిపోతే ఎవరూ సహకరించరు, వాళ్లని తప్పుపట్టలేం కూడా. టీషర్టును తలమీంచి లాగకూడదు. ముఖానికీ కళ్లకీ రసాయనం అంటుతుంది. కత్తెరతో ముందువైపు నిలువునా కోసి, కవర్లో వేసి మూతి కట్టాలి. కత్తెరలు తెగుతున్నాయో లేదో ఒక పాత చొక్కా మీద చూడండి.

• ట్రయాజ్ ట్యాగ్ (ఎవరికి ముందు చికిత్స కావాలో చెప్పే చీటీ) చేతికో కాలికో కట్టాలి, బట్టలకు కాదు.

• ఆస్తమా ఉన్నవాళ్లకు, గర్భిణులకు రక్షణ సూట్ వేయించొద్దు. మన ఉక్కపోతకు మిగతావాళ్లకైనా మంచినీళ్లు, ఓఆర్ఎస్ దగ్గరుండాలి.

• ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పంచండి. 2014 హుద్‌హుద్‌ తుపానులో సెల్ సిగ్నల్ పోయింది కదా.

• డ్రిల్ మధ్యలో ఎవరికైనా నిజంగానే ఒంట్లో బాగోకపోతే అరవాల్సిన మాట ఒకటి అనుకుని, అందరిచేతా ఒకసారి పలికించండి.