శాటిలైట్ చిత్రాల్లో అడవి తరుగుదలను ఎలా పట్టుకోవాలి?

సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ పడకండి. మ్యాప్‌లతో పనిచేసే క్యూజీఐఎస్ ఉచితం, ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలూ కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. అభయారణ్యం సరిహద్దును ప్రొటెక్టెడ్ ప్లానెట్ అనే రక్షిత ప్రాంతాల వెబ్‌సైట్ నుంచి దించుకుని చిత్రం మీద వేసుకోండి. సెంటినెల్-2 పిక్సెల్ నేల మీద 10 మీటర్లు, పాత రోజులు కావాలంటే 1972 నుంచి అమెరికా ఉపగ్రహాలు ల్యాండ్‌శాట్ తీసిన చిత్రాలున్నాయి.

రెండు తేదీల చిత్రాలకూ ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనం ఎంత ఉందో చెప్పే సంఖ్య, లెక్కకట్టండి. బ్యాండ్ 8 (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి) విలువలోంచి బ్యాండ్ 4 (ఎరుపు కాంతి) విలువ తీసేసి, ఆ రెండిటి మొత్తంతో భాగించడమే. కొత్త దాంట్లోంచి పాతది తీసేస్తే పచ్చదనం ఎక్కడ పడిపోయిందో తెలుస్తుంది. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

అందరూ పాడుచేసేది తేదీల దగ్గరే. ఆకురాల్చే అడవిని వానలు వెలిసిన వెంటనే ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి చూసి పోలిస్తే కొండకు కొండే నరికేసినట్టు కనిపిస్తుంది, నిజానికి చెట్లన్నీ నిలబడే ఉంటాయి, ఆకులే ఉండవు. ఏడాది మారాలి, నెల మారకూడదు. ఏడాది పక్కనపెట్టి చూస్తే తేదీల మధ్య రెండు వారాలకు మించి తేడా ఉంటే ఆ జత పనికిరాదు. రెండేళ్ళు కూడా చాలవు, ఒకటి కరువు సంవత్సరమైతే మళ్ళీ మోసపోతారు, కాబట్టి మూడేళ్ళు చూడండి.

తర్వాత మేఘాలు. మేఘం తెల్లగా ఉండి దొరికిపోతుంది, దాని నీడ దొరకదు. ఒకసారి నా మ్యాప్‌లో వాగు పక్కన గుడ్డు ఆకారంలో ఒక మచ్చ వచ్చింది, కొత్తగా కొట్టేసిన చోటే అనుకున్నాను. అసలు చిత్రం తెరిచి చూస్తే కాస్త తూర్పున అదే ఆకారంలో తెల్లటి మేఘం ఉంది. సెంటినెల్-2 ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతుంది, ఎండ తూర్పు వైపు నుంచి పడుతుంది, నీడ పడమటికి జారుతుంది. మేఘాలున్న పిక్సెళ్ళను తీసేసే క్లౌడ్ మాస్క్ వేయండి, కానీ ప్రతి మచ్చనూ మీ కళ్ళతో చూడకుండా వదలొద్దు.

ఇంకో గొయ్యి ఉంది. సెంటినెల్-2 చిత్రాలను తయారుచేసే పద్ధతికి ప్రాసెసింగ్ బేస్‌లైన్ అనే వెర్షన్ నంబరు ఉంటుంది; 04.00, ఆపై నంబర్ల ఫైళ్ళలో (ఇది 2022 జనవరిలో మొదలైంది) ప్రతి విలువకూ 1000 కలిపి ఉంటుంది. అది తీసేయకుండా పాత ఫైలుతో పోల్చారంటే అడవంతా ఒకేసారి వాడిపోయినట్టు చూపిస్తుంది.

అడవి పోయిన చోటును తమంతట తామే చూపించే రెడీమేడ్ అలర్ట్‌లుండగా ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. ఎక్కడ చూడాలో చెప్పడానికి అవి బాగానే పనికొస్తాయి. కానీ పచ్చగా ఉన్నదంతా అడవి కాదు. బోర్నియోలో ఒరాంగుటాన్ల అడవి పోయి పామాయిల్ తోట వస్తే కొన్నేళ్ళకు ఎన్‌డీవీఐ మళ్ళీ నిండుగా ఉంటుంది, ఆ ఒరాంగుటాన్ల ఇల్లు మాత్రం తిరిగి రాదు. దగ్గరి నుంచి తీసిన చిత్రంలో మొక్కలు వరసలు కట్టి ఉంటే అది తోట, అంతే.

చివరగా కనీసం 9 పిక్సెళ్ళు కలిసి మారితేనే నమ్మండి. తేదీలు, రెండు చిత్రాలు, కోఆర్డినేట్లు కలిపి ఆ అడవిని కాపలా కాసేవాళ్ళకు పంపండి, వాళ్ళు నడిచి చూసొచ్చేదాకా నరికారని బయట రాయకండి. అరుదైన జీవి గూడు ఉన్న చోటైతే కోఆర్డినేట్లు ఇంకెవరికీ ఇవ్వకండి, వేటగాళ్ళు కూడా ఇవే మ్యాప్‌లు తెరవగలరు.