రాత్రి కలిసిన దారం రంగు పగలు విడిపోతుంటే ఏం చేశానంటే

కస్టమర్ ఇచ్చిన ఆనంద బ్లూ పట్టు బ్లౌజ్ మీద సిల్క్ దారంతో లతలు కుడుతున్నాను. రాత్రి ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ కింద దారం, గుడ్డ ఒకటే రంగు. పొద్దున బాల్కనీలోకి తెస్తే గుడ్డ నీలంగా, దారం ఆకుపచ్చగా! రంగు దిగుతోందేమోనని టెన్షన్ పడి తడి తెల్లగుడ్డతో అద్ది చూశా. ఏమీ అంటలేదు.

సంగతంతా లైటులో ఉంది. గుడ్డకూ దారానికీ వాడిన అద్దకాలు వేరైతే ఒక వెలుతురులో రెండూ కలిసినా ఇంకో వెలుతురులో విడిపోతాయి. దీన్నే మెటామెరిజం అంటారు. చవక ఎల్‌ఈడీల వెలుతురులో ముదురు ఎరుపు తక్కువ కాబట్టి కుంకుమ, మెరూన్ దారాలు మరీ చప్పగా కనిపిస్తాయి.

మగ్గం పైన లైటు తీసేసి, సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటిన, పగటి వెలుతురులాంటి 5000 కెల్విన్ తెల్ల బల్బు పెట్టాను. డబ్బా మీద వాట్లు పెద్దక్షరాల్లో ఉంటాయి, సీఆర్‌ఐ మాత్రం వెతుక్కోవాలి. అది రాయని బల్బు నేనైతే కొనను.

దారం ఎంపిక ఇప్పటికీ పగలే, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర. రీలు పక్కన పెట్టి చూస్తే చాలదు. నాలుగు పోగులు గుడ్డ మీద పరిచి అటూ ఇటూ తిప్పాలి. సిల్క్ దారం మెరుపు కుట్టు వాలును బట్టి ముదురుగానో లేతగానో కనిపిస్తుంది మరి.

పెళ్లి బ్లౌజైతే 2700 కెల్విన్ పసుపు బల్బు కింద కూడా చూస్తాను, చాలా ఫంక్షన్ హాళ్లలో ఉండేది ఆ వెలుతురే. ఈ బ్లౌజుకు రెండు చోట్లా కుదిరింది కాస్త నీలం వైపున్న రీలు.