హెల్సింకి రెస్టారెంట్లలో భోజనం: తెలిసి తినడం ఎలా

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో రాత్రి భోజనం జేబుకు భారమే కాబట్టి, రోజులో కడుపునిండా తినే పూటను మధ్యాహ్నానికి మార్చుకోవడం మేలు. సోమవారం నుంచి శుక్రవారం వరకు, సుమారు 11 గంటల నుంచి 2 గంటల దాకా, చాలా రెస్టారెంట్లు ‘లౌనస్’ పేరిట తగ్గింపు ధరకు భోజనం పెడతాయి. సలాడ్, రొట్టె, కాఫీ తరచుగా ఆ ధరలోనే కలిసి ఉంటాయి. బఫే అయితే సాధారణంగా ముందు కౌంటర్ దగ్గర డబ్బు చెల్లించి, పళ్లెం తీసుకుని స్వయంగా వడ్డించుకోవాలి. గురువారం నాడు బఠాణీ సూప్, ఆ తరువాత పాన్‌కేక్ తినడం అక్కడి పాత ఆనవాయితీ; ఆ సూప్‌లో సాధారణంగా పంది మాంసం వేస్తారు కనుక శాకాహారులు అడిగి తీసుకోవాలి.

మెనూలో వంటకం పేరు పక్కనుండే అక్షరాలను చూడకుండా ఆర్డరు ఇవ్వకండి. ‘ఎల్’ అంటే లాక్టోజ్ లేనిది, ‘జి’ అంటే గ్లూటెన్ లేనిది, ‘ఎం’ అంటే పాలు లేనిది. ‘ఎం’ను చూసి మాంసమనుకోవడం సులువుగా జరిగే పొరపాటు.

చేపలు తినేవారు రేవు పక్కన 1889లో ప్రారంభమైన పాత మార్కెట్ హాలుకు వెళ్లి ‘లోహికెయిట్టో’ రుచి చూడాలి. క్రీమ్ కలిపిన సూప్‌లో సాల్మన్ ముక్కలు, బంగాళాదుంపలు, పైన సన్నగా తరిగిన సోయకూర, పక్కన నల్లని రై రొట్టె ఉంటాయి. కారం అలవాటైన నాలుకకు మొదటి చెంచా చప్పగా తోచినా, బయట మంచు కురుస్తుంటే గిన్నె ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు.

టిప్ ఇవ్వవలసిన పనిలేదు. జూలైలో మాత్రం కొన్ని రెస్టారెంట్లు సెలవులకు మూసివేస్తారు కనుక, బయలుదేరే ముందు విచారించుకోవాలి.